మాట్లాడితే ఆగిపోయే నడక

మా వారు ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే నడుస్తున్నారు. వాన పడితే గొడుగు పట్టుకుని మరీ వెళతారు. రాజమండ్రి దానవాయిపేటలో మా ఇంటి నుంచి బయలుదేరి, కాస్త చుట్టు తిరిగి గోదావరి గట్టుకు చేరి, పుష్కర ఘాట్ దగ్గర నదికి ఒక నమస్కారం పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి దాదాపు ఐదు కిలోమీటర్లు. ఆ నడక చూసి ఆయన ఆరోగ్యానికి ఏ ఢోకా లేదనే అనుకున్నాను. 2022 నవంబరులో ఒక ఉదయం, ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో చెవి దగ్గర ఫోను పెట్టుకుని, వంటింట్లోంచి హాల్లోకి వస్తూ గడప తట్టుకుని పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. ఆ గడపను ఆయన ముప్పై మూడేళ్లుగా రోజుకు యాభై సార్లు దాటుతున్నారు.

ఆరు వారాల తర్వాత కట్టు విప్పారు. చేతి వ్యాయామాలు నేర్పడానికి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మా ఇంటికి వచ్చేది. మొదటి రోజే ఆమె చేతి సంగతి పక్కనపెట్టి, "అంకుల్, ఆ కుర్చీలోంచి లేచి, ఇదిగో ఈ గీత దాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోండి" అంది. గీత మూడు మీటర్ల దూరంలో ఉంది. పదకొండు సెకన్లు పట్టింది. బాగానే ఉందని చెప్పి, "మళ్లీ అలాగే నడవండి. ఈసారి నడుస్తూ వంద నుంచి మూడేసి చొప్పున తగ్గిస్తూ చెప్పండి" అంది. మా వారు లేచారు. తొంభై ఏడు, తొంభై నాలుగు, తొంభై ఒకటి అన్నారు. అక్కడ ఆగిపోయారు. లెక్కతో పాటు కాళ్లూ ఆగాయి. కుడికాలు ముందుకు వేసి, మడమ నేలకు ఆనించి, మునివేళ్లు గాలిలోనే ఉండగా నిలబడి ఆలోచిస్తున్నారు. "ఎనభై ఎనిమిది" అన్నాక ఆ పాదం పూర్తిగా నేలను తాకింది. మొత్తం పంతొమ్మిది సెకన్లు. కాగితం మిల్లులో ముప్పై రెండేళ్లు జమా ఖర్చులు రాసిన మనిషి ఆయన. లెక్క రాక ఆగలేదని నాకు తెలుసు.

ఆ రోజు నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. అప్పుడప్పుడు నేనూ ఆయనతో గట్టు మీదికి వెళ్లినప్పుడు, ఏదైనా అడిగితే నిలబడి జవాబు చెప్పేవారు. చెప్పడం అయ్యాక మళ్లీ కదిలేవారు. నా మాట శ్రద్ధగా వినడానికి ఆగుతున్నారని ఎన్నో ఏళ్లు అనుకున్నాను. ఇలా ఆగడం గురించి ఒక అధ్యయనం ఉందని ఆ అమ్మాయి చెప్పింది, ఇంటికి వచ్చిన మా అల్లుడి చేత దాన్ని వెతికించి చదివించుకున్నాను. స్వీడన్‌లో పరిశోధకులు 1997లో ప్రచురించిన చిన్న అధ్యయనం అది. వసతి గృహంలో ఉంటున్న 58 మంది వృద్ధులతో పాటు నడుస్తూ మాట కలిపారు. మాట మొదలుకాగానే 12 మంది నడక ఆపేశారు. తర్వాత ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది కింద పడ్డారు. చూడటానికి చాలా మామూలు విషయం. ఏ యంత్రమూ అక్కరలేదు, పక్కన నడుస్తూ ఒక ప్రశ్న అడిగితే చాలు. ఆ ప్రశ్న నేను ఎన్నోసార్లు అడిగాను, సమాధానం ఎదురుగా కనబడింది, దాని అర్థం మాత్రం నాకు తెలియలేదు.

వయసులో ఉన్నప్పుడు నడక దానంతట అదే సాగిపోతుంది. మనసు ఎటో ఉంటుంది, కాళ్లు పని చేసుకుపోతుంటాయి. వయసు మీద పడేకొద్దీ పాదాల నుంచి, కీళ్ల నుంచి, కళ్ల నుంచి, చెవి లోపలి సమతుల్యత అవయవం నుంచి వచ్చే కబుర్లు మందగిస్తాయి. ఆ లోటు పూడ్చడానికి మెదడు ముందు భాగం పూనుకోవాలి. అంటే ప్రతి అడుగుకూ కొంచెం శ్రద్ధ ఖర్చవుతుంది. ఆ శ్రద్ధనే మాటకూ వాడాలి, లెక్కకూ వాడాలి, చేతిలో కాఫీ తొణకకుండా చూడటానికీ వాడాలి. మా ఇంట్లో ఆ ఉదయం గడప దగ్గర మూడు పనులు ఒకే జేబులో చెయ్యి పెట్టాయి.

నా సంగతి ఆయనకు పూర్తిగా తిరగేసినట్టుగా ఉండేది. 1981లో తంతి తపాలా శాఖలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను, ఇరవై ఒకటో ఏట. ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంక్ బోర్డు మీద దీపం వెలిగితే ప్లగ్ పెట్టాలి, చెవిలో గొంతు వినాలి, టికెట్ మీద నంబరు, వేళ రాయాలి, అర్జెంటు కాల్ ఏది, ఆర్డినరీ ఏది, ఫలానా మనిషికే కలపమనే పి.పి. కాల్ ఏది గుర్తుంచుకోవాలి, ఇంతలో పక్క లైను తెగితే మళ్లీ కలపాలి. ఊళ్లో పెద్ద వ్యాపారుల నంబర్లన్నీ నోటికి వచ్చేవి. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా కాకినాడ 0884, ఏలూరు 08812, అనంతపురం 08554 అని చెబుతాను. మతి విషయంలో నాకు ఎప్పుడూ బెంగ లేదు. కానీ ఆ పనంతా కుర్చీలోనే. బోర్డులు పోయి కంప్యూటర్లు వచ్చాయి, శాఖ పోయి బీఎస్ఎన్ఎల్ వచ్చింది, కుర్చీ మాత్రం అలాగే ఉంది. 2020 జనవరి 31న సుమారు 78 వేల మంది స్వచ్ఛంద పదవీ విరమణలో బయటికి వచ్చినప్పుడు వారిలో నేనూ ఒకదాన్ని. ఆ మార్చి 25న ఉగాది, శార్వరి నామ సంవత్సరం మొదలైంది. నేను పుట్టిన 1960 కూడా శార్వరే. షష్టిపూర్తి ఏడాది అన్నమాట. ఆ రోజునే దేశమంతా లాక్‌డౌన్ కూడా మొదలైంది. ముప్పై తొమ్మిదేళ్లు ఆఫీసు కుర్చీలో కూర్చున్న నేను ఇంట్లో సోఫాలోకి మారాను.

2021 శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాను. పీట మీద కూర్చుని గంటంబావు పూజ. హారతి ఇవ్వడానికి లేవాలి. ఎడమ చెయ్యి నేల మీద పెట్టి నడుం ఎత్తాను. తొడలు వణికాయి, లేవలేదు. కుడి చెయ్యి పెట్టాను, మోకాలు నేలకు ఆనించాను, అయినా లేవలేదు. ఎదురుగా కలశం, పక్కన హారతి పళ్లెంలో కర్పూరం సిద్ధంగా ఉంది, ముత్తైదువులు చూస్తున్నారు. మా అమ్మాయి వెనక నుంచి చంకల కింద చేతులు వేసి లేపింది. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడాది నుంచి పీట వేయవద్దని, బల్ల మీద పూజ పెట్టుకుందామని మా అమ్మాయి మెల్లగా అంది. ప్రేమతోనే అంది. సరే అన్నాను. ఆ 'సరే' అన్నందుకు నాకు ఇప్పటికీ బాధే. నేల మీద కూర్చోవడం మానేసిన మనిషి నేల మీద నుంచి లేవడం మరిచిపోతుంది, అంతకుమించి ఇందులో రహస్యం లేదు.

అందుకే మా వారి చేతి కోసం వచ్చిన ఆ అమ్మాయిని, నన్నూ చూడమని అడిగాను. చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలనో లెక్కపెట్టింది. ఏడు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టికలో 60 నుంచి 64 ఏళ్ల స్త్రీలకు 12 కంటే తక్కువ వస్తే తోటివారి కన్నా వెనుకబడినట్టే. వయసుతో కండ కరుగుతుంది. దానికి 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు. కండ కరిగే వేగం కన్నా బలం తగ్గే వేగం ఎక్కువ. కుర్చీలోంచి లేవడం, బస్సు మెట్టు ఎక్కడం, జారబోయినప్పుడు చటుక్కున కాలు ముందుకు వేసి నిలదొక్కుకోవడం, ఇవన్నీ ఆ బలం మీదే ఆధారపడతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు వ్యాయామం అంటే నడక ఒక్కటే. డాక్టరు అడిగినా "నడుస్తున్నానండీ" అంటే అక్కడితో సంభాషణ అయిపోతుంది. నడక గొప్పదే. అమెరికాలో 120 మంది వృద్ధులతో ఏడాది పాటు చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి మూడు రోజులు చురుగ్గా నడిచినవారి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో 1.4 శాతం తగ్గింది. కానీ మా వారు ఇరవై ఏళ్లు నడిచారు, ఒంటికాలి మీద నాలుగు సెకన్లు కూడా నిలబడలేకపోయారు. ఎందుకంటే ఆ ఇరవై ఏళ్లలో ఒక్కరోజైనా ఒంటికాలి మీద నిలబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో 65 దాటినవారికి మూడు విడివిడి విషయాలు చెప్పింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలం పెంచే వ్యాయామం, కనీసం మూడు రోజులు సమతుల్యత మీద ధ్యాస పెట్టే వ్యాయామం. మనం మొదటిది పట్టుకుని మిగతా రెండూ వదిలేశాం.

బలం పెంచే వ్యాయామం అనగానే జిమ్ము, ఇనుప బరువులు కళ్ల ముందుకు వస్తాయి. మా ఇంట్లో ఉన్నవి గోడ, కుర్చీ, వంటగట్టు, ఐదు కిలోల బియ్యం సంచి. బళ్లో పంతులుగారు శిక్షగా వేయించిన గోడకుర్చీ, గుంజీలు అరవై ఏళ్లు దాటాక మందుగా తిరిగి వచ్చాయి. మొదట కుర్చీ చేతులు పట్టుకుని లేవడం, ఐదుసార్లు. రెండు వారాలకు చేతులు వదిలి. తర్వాత కుర్చీ మీద దిండు తీసేసి, అంటే ఇంకాస్త కిందికి దిగి. తర్వాత బియ్యం సంచి గుండెకు హత్తుకుని. కిందికి కూర్చునేటప్పుడు దభాలున పడకుండా, మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. బలం అక్కడ కూడా పుడుతుందని ఆ అమ్మాయి చెప్పింది, నా తొడలు కూడా అదే చెప్పాయి. పాలు పొంగేదాకా వంటగట్టు పట్టుకుని మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడతాను. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, రక్తపోటు ఉన్నవారికి అది మంచిది కాదు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా ఆపేసి డాక్టరును కలవాలి. గుండె జబ్బు ఉన్నవారు మొదలుపెట్టడానికి ముందే అడగాలి.

"ఈ వయసులో కండ పెరుగుతుందా?" అని మా వదినగారు అడిగారు. ఆవిడకు 74. బోస్టన్‌లో చేసిన ఒక అధ్యయనం 1990లో వచ్చింది. వృద్ధాశ్రమంలో ఉన్న పదిమంది బలహీనులు, సగటు వయసు 90. కాళ్లతో బరువులు ఎత్తిస్తూ ఎనిమిది వారాలు గట్టిగానే సాధన చేయించారు. చివరిదాకా ఉన్న తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అది విన్నాక వదినగారు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఫోను చేసి, కుర్చీ ఎంత ఎత్తు ఉండాలని అడిగారు.

తిండి సంగతి ఒక్క మాటలో చెబుతాను. కండ కట్టాలంటే మాంసకృత్తులు కావాలి. పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని వృద్ధుల పోషణ నిపుణులు చెబుతున్నారు. రాత్రిపూట చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకునే అలవాటు మా ఇద్దరికీ ఉండేది. ఇప్పుడు రాత్రి కూడా పప్పు గానీ, గుడ్డు గానీ, పెసరట్టు గానీ ఉంటుంది.

కాళ్ల సంగతి ఇలా దారిలో పడింది. మరి మతి? నేను రోజూ పేపర్లో పదకేళి పూరిస్తాను, మా వారు సుడోకు చేస్తారు. అదే మెదడుకు వ్యాయామం అనుకున్నాం. అమెరికాలో 65 దాటిన 2,800 మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం ఉంది, ఫలితాలు మొదట 2002లో వచ్చాయి. ఒక బృందానికి జ్ఞాపకశక్తి మీద, ఒకదానికి తర్కం మీద, ఒకదానికి చూసి చప్పున గుర్తించే వేగం మీద పది తరగతులు చెప్పారు. ఎవరికి ఏది నేర్పారో వారు దానిలోనే మెరుగయ్యారు. తర్కం నేర్చినవారి జ్ఞాపకం పెరగలేదు, జ్ఞాపకం నేర్చినవారి వేగం పెరగలేదు. తర్కానికీ వేగానికీ వచ్చిన మేలు పదేళ్ల తర్వాత కూడా కొంత నిలిచింది. నాకు ఇది చదివి నిరాశ కలగలేదు, దారి కనబడింది. సుడోకు చేస్తే సుడోకు వస్తుంది. గడప దాటుతూ ఫోను మాట్లాడాలంటే, నడుస్తూ మాట్లాడటమే సాధన చేయాలి.

అక్కడే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. చిన్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని అవధానాలకు తీసుకెళ్లేవారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనంలోకి తెచ్చిన విద్య. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలు ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, నిషిద్ధాక్షరి వారు ఈ అక్షరం వాడవద్దని అడుగడుగునా అడ్డుపడతారు, అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి సంబంధం లేని ప్రశ్నలతో ధ్యాస చెదరగొడతాడు. అన్నిటినీ తట్టుకుని, ఆఖరున ధారణలో పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పాలి. నాన్నగారి పక్కన కూర్చుని నేను ఎప్పుడూ అప్రస్తుత ప్రసంగి మీద కోపం తెచ్చుకునేదాన్ని. అవధానికి ఆయన చేస్తున్న మేలు ఏమిటో ఇప్పుడు తెలిసింది. శ్రద్ధను పంచుకోవడం, పంచిన శ్రద్ధను మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం, ఈ రెండూ సాధనతో వచ్చేవే. మేము పద్యాలు అల్లలేం. కానీ ఆ పద్ధతిని కాళ్ల మీదికి తెచ్చుకున్నాం.

2023 సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాం. ముందు హాల్లోనే, గోడ పక్కనే. నేల మీది పలకల గీత మీద మడమకు మునివేళ్లు ఆనిస్తూ నడవాలి, నడుస్తూ తెలుగు సంవత్సరాలు చెప్పాలి. ప్రభవ, విభవ, శుక్ల అని ముందు నుంచి చెబితే మా వారి నడక చెదరలేదు. చిన్నప్పుడు బట్టీ పట్టినవి, నోరే చెప్పుకుపోతుంది. అప్పుడు నడుస్తున్న సంవత్సరం నుంచి వెనక్కి చెప్పమన్నాను. శుభకృత్, ప్లవ, శార్వరి, వికారి, విళంబి... అక్కడ ఆగి గోడ పట్టుకున్నారు. "కాళ్లు ఆగకూడదండీ, కావాలంటే మాట ఆగనివ్వండి" అన్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి మాకు పెట్టిన నియమం అదొక్కటే. ఏదో ఒకటి తప్పక తప్పాలంటే జవాబు తప్పనివ్వాలి, అడుగు తప్పకూడదు. రెండు నెలలకు హేవిళంబి, దుర్ముఖి, మన్మథ, జయ దాటి అలవోకగా వెనక్కి వెళ్లిపోతున్నారు. అంటే ఇక దానితో పని లేదు. తేలికైపోయిన బరువు కండను పెంచదు, నోటికి వచ్చిన పాఠం మతిని పెంచదు. పదిహేడో ఎక్కానికి మారాం, తర్వాత ఊళ్ల పేర్లకు, ఒకరు చెప్పిన పేరు చివరి అక్షరంతో ఇంకొకరు మొదలుపెట్టేలా.

నాకు సంవత్సరాలు, నంబర్లు పనికిరావని మొదటి రోజే తేలింది. మా వారు ఎస్టీడీ కోడ్లు ఎన్ని అడిగినా నా అడుగు చెదరలేదు. నాకు కావలసింది వేరే. అది అనుకోకుండా మా వాకిట్లోనే దొరికింది. ఉద్యోగం రోజుల్లో తీరిక లేక, తర్వాత నడుం వంగక, ఎన్నో ఏళ్లుగా గడప ముందు రంగు స్టిక్కరే ఉండేది. ఆ డిసెంబరులో ధనుర్మాసం మొదలైన రోజు స్టిక్కర్ పీకేసి ముగ్గు పిండి డబ్బా తీసుకున్నాను. 15 చుక్కలు, మధ్య చుక్క, 8 దాకా. నడుమ వరుసలో పదిహేను చుక్కలు పెట్టి, అటూ ఇటూ చుక్కల సందుల్లో ఒక్కొక్కటి తగ్గించుకుంటూ ఎనిమిదికి రావాలి. గొంతుక్కూర్చుని, ఎడమ పాదం పక్కకు జరుపుతూ, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ పెట్టాలి. ఒక్క చుక్క వంకర పోతే ఆఖరి వరుస దగ్గర బయటపడుతుంది. మెలికల ముగ్గులో గీత ఏ చుక్కనూ తాకకుండా చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే చేరాలి. చూపుడు వేలు, బొటనవేలి మధ్య నుంచి పిండి ఒకే సన్నటి ధారగా జారాలి. ఎక్కడ ఆగితే అక్కడ పిండి కుప్ప పడి కనబడుతుంది. మొదటి రోజు నా ముగ్గు నిండా అలాంటి కుప్పలే, గీత మూడుచోట్ల దారి తప్పింది, సగంలో రెండుసార్లు లేచి నిలబడి తొడలు రుద్దుకున్నాను. భోగి నాటికి 21 చుక్కల ముగ్గు ఒక్క విడతలో పెట్టాను. ఇంతటి వ్యాయామాన్ని మన ఆడవాళ్లు రోజూ తెల్లవారుజామున చేసేవారు, దాని విలువ ఎవరూ చెప్పలేదు. నేనూ తెలుసుకోలేదు. అమెరికాలో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో 60 నుంచి 90 ఏళ్ల వారు మూడు నెలల పాటు ఫొటోలు తీయడమో, బొంత కుట్టడమో వారానికి దాదాపు పదిహేను గంటలు కొత్తగా నేర్చుకుంటే జ్ఞాపకశక్తి మెరుగుపడిందని చదివాను. కొత్తది కావాలి, కష్టంగా ఉండాలి, చాలాకాలం చేయాలి. నాకు మెలికల ముగ్గు అలాంటిదే.

మరో సంగతి మరిచిపోకుండా చెప్పాలి. మతిమరుపు అని తేల్చేసే ముందు రెండు పరీక్షలు చేయించండి. మా వారికి పదిహేనేళ్లుగా మధుమేహం, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. పైగా మేము మాంసం ముట్టం. ఆయనకు రక్తపరీక్షలో బి12 బాగా తక్కువగా తేలింది. అది తగ్గితే పాదాల్లో తిమ్మిరి వస్తుంది, మతీ మందగిస్తుంది. ఇంజెక్షన్లతో సర్దుకుంది. రెండోది చెవులు. దాదాపు నలభై ఏళ్లు చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని పనిచేసినదాన్ని కాబట్టి నాకు దీని మీద పట్టుదల ఎక్కువ. వినికిడి తగ్గినవారు మాట పోల్చుకోవడానికే ఉన్న శ్రద్ధంతా ఖర్చుపెడతారు, మెల్లగా నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. మతి క్షీణించడానికి కారణమయ్యే, మనం సరిచేసుకోగల అంశాల్లో వినికిడి లోపాన్ని వైద్య నిపుణులు ముందు వరుసలో పెట్టారు. కళ్లజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనం చెవి యంత్రం దగ్గర ఎందుకు మొహమాటపడతామో! మా వారు గత ఏడాది పెట్టించుకున్నారు. గోదావరి గట్టు మీద కాకులు ఇంత గోల చేస్తాయని మళ్లీ తెలిసిందన్నారు.

ఇప్పుడు ఇద్దరం కలిసే వెళుతున్నాం. వారానికి నాలుగు రోజులు ఘాట్ మెట్లు కూడా ఎక్కి దిగుతాం. నీటికి దగ్గర మెట్ల మీద పాచి ఉంటుంది, అటు వెళ్లం. పైన పొడిగా ఉన్నవే మా మెట్లు. వరదల రోజుల్లో, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఘాట్ వైపే పోం, మేడ మెట్లతో సరిపెట్టుకుంటాం. ఏ రోజు ఏమి చేయాలో వంటింటి క్యాలెండర్ మీద రాసి ఉంటుంది. ఎప్పుడు వీలైతే అప్పుడు అనుకుంటే ఎప్పుడూ వీలుకాదు. 2025లో అమెరికాలో వచ్చిన మరో అధ్యయనం, 60 నుంచి 79 ఏళ్ల వారు 2,111 మంది మీద రెండేళ్లు చేసినది, ఇదే చెప్పింది. వ్యాయామం, మంచి తిండి, మెదడుకు పని, రక్తపోటు మీద కన్ను, ఇవన్నీ ఎవరికి వారు చేసుకున్నా మేలు జరిగింది. వేళ పెట్టి, గుంపుగా, ఒకరు వెనక ఉండి చేయించినప్పుడు ఇంకొంచెం ఎక్కువ మేలు జరిగింది. ఇప్పుడు మా వదినగారు కూడా వారానికి రెండు రోజులు వస్తున్నారు. ఆవిడ ముప్పై సెకన్లలో కుర్చీలోంచి మొదట నాలుగుసార్లు లేచారు, ఇప్పుడు తొమ్మిది. నాది ఏడు నుంచి పద్నాలుగైంది. మా వారు ఒంటికాలి మీద కుడివైపు పద్దెనిమిది సెకన్లు నిలబడుతున్నారు, ఎడమవైపు ఇంకా ఏడే. కిందటి శ్రావణంలో మళ్లీ పీట వేసుకున్నాను. లేచేటప్పుడు ఒక చెయ్యి నేలకు ఆనింది. ఆ చెయ్యి కూడా తీసేయాలని ఉంది.

మెట్ల మీద ఇప్పుడు నన్ను ప్రశ్నలడిగేది మా వారే. నిషిద్ధాక్షరి ఆయనకు బాగా నచ్చింది, దాన్ని మా కోసం తేలిక చేశారు. రోజుకు ఒక అక్షరం నిషేధం. నిన్న పొద్దున పైకి ఎక్కుతుంటే, రెండు మెట్లు ముందు నుంచి, ఆగకుండానే, వెనక్కి తిరగకుండానే అడిగారు.

"ఇవాళ ఏమి వండుతావు? 'ప' రాకూడదు."

నేను వండాలనుకున్నది తోటకూర పప్పు. "కందిబద్దలు ఉడికించి..." అన్నాను, ఒక మెట్టు. "అందులో తోటకూర వేసి..." ఇంకో మెట్టు. "చివర తాలిం..." అని నోరు మూసుకున్నాను. కుడికాలు గాలిలోనే ఉంది. పోపు అందామంటే అదీ కుదరదు. మా వారి చెప్పుల చప్పుడు పైకి వెళ్లిపోతోంది. కాలు మెట్టు మీద పెట్టాను, ఎడమకాలు లేపాను, అదీ పెట్టాను. అప్పుడు మా అమ్మమ్మ గొంతు వినబడింది, పిఠాపురం వంటింట్లోంచి, మూకుడులో ఆవాలు చిటపటలాడుతుండగా.

"తిరగమోత వేస్తానండీ!" అని కేకేశాను.